చక్రాలు లేని విమానం

"విమానం నడిపేవాళ్లు వేలమంది ఉంటారు అబ్బాయ్. విమానం చేసినవాడు మాత్రం ఈ కృష్ణానగర్ మొత్తానికీ ఒక్కడే. నీ ఎదురుగా కూర్చున్నాడు," అన్నాడు బసవపున్నయ్య, ఖాళీ గ్లాసు బల్ల మీద బోర్లించి.

జంగయ్య టీ డబ్బా కొట్టు దగ్గర పొద్దుటి రద్దీ అప్పుడే తగ్గింది. షూటింగులకి మనుషుల్ని ఎక్కించుకుపోయే వ్యాన్లు ఫిలింనగర్ వైపు వెళ్లిపోయాయి. మాదాపూర్‌లో అద్దాల మేడలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులవి. యూసుఫ్‌గూడలో పాత ఇళ్లు పడగొట్టి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకి హాస్టళ్లు కడుతున్నారు. అలాంటి ఒక హాస్టల్లోనే ఉంటున్నాడు తిరుమలేశ్. సిద్దిపేట నుంచి వచ్చి, జూబ్లీహిల్స్‌లో సినిమాలకి కంప్యూటర్ గ్రాఫిక్స్ చేసే కంపెనీలో కొత్తగా చేరాడు. మెడలో కార్డు ఇంకా మెరుస్తూనే ఉంది.

బసవపున్నయ్యకి అరవై దగ్గర పడుతున్నాయి. తెనాలి నుంచి వచ్చి సినిమాల్లో మినియేచర్లు చేసినవాడు. కోటలు, ఓడలు, రైలు వంతెనలు, కెమెరాకి నిజమనిపించేవన్నీ చిన్నవిగా చేసిపెట్టేవాడు. ఇప్పుడు ఆ పని అడిగేవాళ్లు లేరు. టీవీ సీరియళ్ల సెట్లలో తలుపులకీ గోడలకీ రంగులు వేస్తున్నాడు. ఎర్రగడ్డకి కాపురం మార్చాక కూడా రోజూ పొద్దున్నే బస్సెక్కి ఇక్కడికే వస్తాడు. ఎందుకని అడిగితే జంగయ్య టీ కోసం అంటాడు.

"ఏం విమానం సార్?" అన్నాడు తిరుమలేశ్.

"అడిగినవా? ఇగ నీ ఆఫీసు పాయె," అన్నాడు జంగయ్య స్టవ్ దగ్గర నుంచి.

"నువ్వుండు జంగయ్యా. చెబుతా అబ్బాయ్. ఒక పెద్ద డైరెక్టరు, పేరు చెప్పను, చెబితే వాడికి పేరొస్తుంది, యుద్ధం సినిమా మొదలుపెట్టాడు. మిగ్ విమానం కావాలి. అసలుది అడిగితే మిలిటరీ వాళ్లు ఇస్తారా? గుర్రాన్నే ఇవ్వరు. అప్పుడెవరో చెప్పారట, యూసుఫ్‌గూడలో బసవపున్నయ్యని ఒకాయన ఉన్నాడు, ఆయన చెట్టు చేస్తే పిట్టలు గూడు పెడతాయి అని. కారేసుకుని ఇంటికొచ్చాడు. నేను బనీను మీదున్నా. 'పున్నయ్యగారూ, మిగ్ కావాలండీ' అన్నాడు. 'ఒకటి చాలా?' అన్నా."

తిరుమలేశ్ నవ్వాడు.

"పదడుగుల పొడవు, అంతే. ఉన్నదున్నట్టు చెబుతున్నా, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. లోపల ప్లైవుడ్డుతో పక్కటెముకలు, పైన పల్చటి బాల్సా చెక్క, చెక్క మీద లప్పం, లప్పం మీద ఉప్పు కాగితం. రుద్దాను రుద్దాను, ఈగ వాలితే కాలు జారి పడేదాకా రుద్దాను. ఎక్కడా అతుకు లేదు. మిగతావాళ్లు రెక్కలు విడిగా, ముక్కు విడిగా చేసి బిగిస్తారు. నా దగ్గర అలాంటివి కుదరవు. కెమెరా కన్ను పాడుది అబ్బాయ్, జుట్టంత గీత ఉన్నా పట్టేస్తుంది. అందుకని ముక్కు కొస నుంచి తోక దాకా ఒకటే ఒళ్లు, తల్లి కడుపులోంచి వచ్చినట్టు. ఇక రివెట్లు. అయిపోయిన పెన్ను రీఫిల్ మొనతో ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోయా. మా ఆవిడ పుష్పవల్లి అన్నానికి పిలిస్తే పలకలేదు, వరస తప్పుతుందని. అలిగి పుట్టింటికి వెళ్లిందట, మళ్లీ వచ్చిందట. నాకు రెండూ తెలియవు."

"గంత పని ఉంటదా సార్, ఒక్క బొమ్మకు?"

"బొమ్మ అనకు!" బసవపున్నయ్య వేలు పైకి లేచింది. "రంగు సంగతి విని అప్పుడు చెప్పు. విమానం కడుపుకి ఆకాశం రంగు వెయ్యాలి. ఏ ఆకాశం? మద్రాసు ఆకాశం వేరు, మా తెనాలి ఆకాశం వేరు. జూబ్లీహిల్స్ బండల మీద కూర్చుని, మూకుడులో రంగు కలపడం, పైకెత్తి ఆకాశం పక్కన పెట్టి చూడడం, పారబోయడం. చివరికి కుదిరింది. ఎంత కుదిరిందంటే, వేసి ఆరుబయట వేలాడదీస్తే విమానం కనపడలా!"

"కనవడలేదా?"

"తోక ఒక్కటే గాల్లో ఉంది. ఆర్ట్ అసిస్టెంటు ఒకడు వచ్చి 'విమానం ఏదండీ' అంటూనే వెళ్లి గుద్దుకుని నుదురు బొప్పి కట్టించుకున్నాడు. ఇక లాభం లేదని ముక్కుకి ఎర్రదారం కట్టా, ఎక్కడుందో తెలియాలిగా."

"మొన్న పచ్చ దారమంటివి," అన్నాడు జంగయ్య.

"ముందు పచ్చదే కట్టా. చెట్లలో కలిసిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫిలింనగర్ కొండ మీద గద్దలు తిరుగుతుంటాయి చూడు, అవొచ్చాయి. పెద్ద గద్ద ఒకటి ముందుకొచ్చి చుట్టూ తిరిగి చూసుకుంది. చూసుకుని వెనక్కెళ్లి మిగతావాటికి ఏం చెప్పిందో, అన్నీ వరస కట్టి విమానం వెనకాల నిలబడ్డాయి. గాల్లో! రెక్క కదిలిస్తే ఒట్టు. ఈ మాట పాకి పాకి హకీంపేట ఎయిర్‌ఫోర్స్ వాళ్ల దాకా పోయింది. ఒక పెద్ద ఆఫీసరు జీపులో వచ్చాడు, మీసాలు ఇంతింత. విమానం చుట్టూ తిరిగాడు, మొహం ఎర్రబడింది. 'ఇది మా విమానం, ఎప్పుడెత్తుకొచ్చావ్?' అన్నాడు. 'చెక్కండీ బాబూ' అన్నా. నమ్మలా. వేలితో కొట్టి చూశాడు. నా లప్పం పనితనం అలాంటిది అబ్బాయ్, టంగుమంది! ఇంకేం, నిచ్చెన తెప్పించుకుని పైకెక్కి పైలట్ సీట్లో కూర్చున్నాడు."

"ఆగుండ్రి సార్. పది ఫీట్ల దాంట్ల అంత మనిషి ఎట్ల కూసున్నడు?"

"పదా? పదని ఎవరన్నారు? ఇరవై. వానాకాలం చెక్క ఉబ్బదా ఏంటి? కూర్చుని, నడిపే కర్ర పట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకున్నాడయ్యా ఆ మనిషి. దిగొచ్చి నాకు సెల్యూట్ కొట్టాడు. నేను బనీను మీదే ఉన్నా."

"ఎప్పుడు జూసినా బనీను మీదనే ఉంటవు," అన్నాడు జంగయ్య.

"ఇక షూటింగు రోజు. విమానాన్ని నైలాన్ తీగలతో వేలాడదీశారు. ముప్ఫై అడుగుల విమానం ఆగాలంటే తీగలు ఎంత గట్టిగా ఉండాలి? చెప్పా, వినలేదు. ఎదురుగా తుఫాను పంకా పెట్టారు. డైరెక్టరు యాక్షన్ అన్నాడు. పంకా తిరిగింది. ఒక తీగ టప్పుమంది. రెండోది టప్పుమంది. మూడోది తెగలేదు, దానంతటదే ముడి విప్పుకుంది. విమానం ముక్కు ఎత్తింది. కెమెరామన్ తల వంచాడు కాబట్టి బతికాడు. స్టూడియో గేటు మీదుగా లేచి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఎర్ర లైటు పడితే గాల్లోనే కాసేపు ఆగి..."

"ఆగిందా!"

"ఎవరు చేశారది? రూలు తప్పుతుందా? పచ్చ లైటు పడ్డాక మాదాపూర్ వైపు పోయింది. ఆ అద్దాల మేడల్లో తన నీడ చూసుకుని, ఎదురుగా ఇంకో విమానం వస్తోందనుకుని పక్కకి తప్పుకుంది, అంత మర్యాద దానికి. లోపల కంప్యూటర్ల ముందున్న పిల్లలందరూ లేచి కిటికీల దగ్గరికి పరిగెత్తారు. ఆ పూట అమెరికాలో సగం బ్యాంకులు తలుపులు తియ్యలేదు, తెలుసా? ఇంతలో బేగంపేట ఎయిర్‌పోర్టు నుంచి నాకు ఫోను. 'పున్నయ్యగారూ, మీది వస్తోందని మావన్నీ ఆపేశామండీ, ఎక్కడ దింపమంటారు?' నేనేం చెప్పను? దాని దోవన దాన్ని పోనివ్వమన్నా. పోయింది. నాగపూర్ దాటింది, ఢిల్లీ దాటింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరిహద్దు దాటింది!"

తిరుమలేశ్ చేతిలో టీ చల్లారిపోయింది.

"అవతలివాళ్ల రాడార్లో చుక్క పడింది. చప్పుడు లేదు, పొగ లేదు. వాళ్ల విమానాలు నాలుగు లేచి పక్కకొచ్చాయి. తొంగి చూస్తే సీటు ఖాళీ. మనిషి లేడు! అరవై అడుగుల విమానం, దానంతటది పోతోంది. ఆ నలుగురు పైలట్లూ వెనక్కి తిప్పుకుని, విమానాలు ఎక్కడివక్కడ పెట్టేసి, సొంత ఊళ్లకెళ్లి సేద్యం చేసుకుంటున్నారు ఇప్పటికీ. యుద్ధం అక్కడితో ఆగిపోయింది. పేపర్లలో వేరే ఏవో కారణాలు రాశారు, రాసుకోనీ."

"మరి ఇప్పుడేడున్నది సార్, ఆ విమానం?"

ఆ ప్రశ్నకి బసవపున్నయ్య టక్కున ఏదో చెబుతాడని జంగయ్య చూశాడు. ఎప్పుడూ ఇక్కడ 'ఢిల్లీలో మ్యూజియంలో ఉంది' అని ముగించేవాడు. ఈ రోజు అలా అనలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని రోడ్డు కేసి చూశాడు.

"ఎగురుతోంది."

"ఇంకానా?"

"దిగలేదు అబ్బాయ్. చక్రాలు లేవు దానికి. షాటంతా గాల్లోనే కదా, చక్రాలు లోపలికి ముడుచుకునే ఉంటాయి కదా, కనపడని దానికి అంత శ్రమెందుకని నేనే మానేశా. అన్నీ చేశా. సీటు కింద, ఎవరూ చూడని చోట కూడా మరలు బిగించా. చక్రాలు మాత్రం చెయ్యలా." గొంతు తగ్గింది. "అప్పుడప్పుడు మబ్బు పట్టినప్పుడు కిందికొస్తుంది. యూసుఫ్‌గూడ మీద ఒక చుట్టు తిరుగుతుంది. రంగు వెలిసిపోయింది. లప్పం పగుళ్లిచ్చింది. దిగుదామని చూస్తుంది పాపం. ఎలా దిగుతుంది? మళ్లీ పైకి పోతుంది. చక్రాలు చేసుంటే ఎంతసేపు పట్టేది? ఒక్క పూట పని."

అబద్ధమని తిరుమలేశ్‌కి తెలుసు. అయినా ఒకసారి తలెత్తి ఆకాశం వైపు చూశాడు. ఈ ముక్క జంగయ్య కూడా ఎన్నడూ వినలేదు. స్టవ్ మంట తగ్గించాడు.

అప్పుడొచ్చింది మల్లమ్మ. యూసుఫ్‌గూడలో బసవపున్నయ్య పదిహేనేళ్లు అద్దెకున్న ఇంటి యజమానురాలు. చీర నిండా దుమ్ము, బొడ్లో తాళంచెవుల గుత్తి.

"ఓ పున్నయ్యా! ఇల్లంత ఖాళీ చేయించి నేనాడ ఎదురుజూస్తుంటే నువ్వు గీడ గూసున్నవా? జేసీబీ ఆయన ఒర్రుతుండు. అర్రల నుంచి నీ ఇమానం తీస్తవా, దాని మీదికెంచే పోనియ్యమంటవా?"

తిరుమలేశ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "విమానం అర్రల ఉన్నదా?"

"మల్లమ్మగారూ, పదండి, అక్కడ మాట్లాడుకుందాం," అన్నాడు బసవపున్నయ్య లేవబోతూ.

"ఏం జెప్పిండు బిడ్డా నీకు? ఎగిరిందని చెప్పిండా?" మల్లమ్మ బల్ల మీద కూలబడింది. "ఎక్కడి ఎగురుడు! గడప దాటలే అది. ఇంట్లనే చేసిండు, ఒక్క తీరుగ చేసిండు, అబద్ధమెందుకు, నేను గూడ పొద్దుకొక్కపారి పోయి చూస్తుంటి. కంపెనీ వ్యాను వచ్చిన దినం నలుగురు మనుషులు ఎత్తిన్రు. తలుపు ముంగట మూడు ఫీట్ల సందు, ఎదురుంగ పక్కింటోళ్ల గోడ. ముక్కు బయటికొచ్చి ఆ గోడకు తాకింది. మలుపుదామంటే మలుగది. అడ్డం తిప్పిన్రు, నిలువు తిప్పిన్రు. కిటికీకి ఇనుప చువ్వలు, అవి తీసినా పట్టదు. ముక్కు కోద్దాం, మల్ల అతికిద్దాం అన్నరు ఆళ్లు. ఈయన వాకిట్ల చేతులు అడ్డం పెట్టి నిలవడ్డడు. ఎవ్వల్ని ముట్టనియ్యలే. చూసి చూసి పోయిన్రు. మల్ల రాలే. సినిమా ఎప్పుడో వచ్చింది, పోయింది. దాంట్ల ఇమానం కంప్యూటర్ల చేసిన్రట."

తిరుమలేశ్ మెడలోని కార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"మల్ల ఇల్లు ఇడిచిపోయినంక గూడ ఆ అర్ర ఎవ్వరికీ ఇయ్యలే నేను," అంది మల్లమ్మ. "ఇమానమున్న అర్రల ఎవరుంటరు? ఈయన రోజూ వచ్చి తాళం తీస్కొని తుడిచి పోతడు. ఇగ నాతోని గాదు పున్నయ్యా. బిల్డరు రెండు జాగలు కలిపి హాస్టల్ కడ్తడు. నీ మంచికే చెప్తున్న, పక్కిల్లు నిన్న కూలగొట్టిన్రు. ఎదురుంగ గోడ లేదిప్పుడు. సీదా బయటికొస్తది. లే."

బసవపున్నయ్య లేవలేదు.

"గోడ లేదా?" అన్నాడు.

"లేదు."

"ఆ రోజు ఉంది."

"ఆ దినం ఉండె," అంది మల్లమ్మ. ఈసారి గొంతు తగ్గించి అంది.

జంగయ్య స్టవ్ ఆపేశాడు. డబ్బాకి తలుపు కూడా వెయ్యకుండా "నడు పున్నయ్యా" అని చెయ్యి పట్టుకుని లేపాడు. తిరుమలేశ్ కూడా వెంట నడిచాడు. ఆఫీసు బస్సు అతని పక్క నుంచే వెళ్లిపోయింది.

ఇంటి ముందు జేసీబీ ఆగి ఉంది. పక్కిల్లు ఉన్నచోట ఇటుకల గుట్ట, దాని వెనక ఎండ. లోపల గది దాదాపు మొత్తం విమానమే. ముక్కు తలుపు వైపు, తోక వెనక గోడని ఆనుకుని. దానికీ గోడలకీ మధ్య మనిషి ఒరుసుకుని తిరిగేంత చోటే ఉంది. తిరుమలేశ్ వంగి చూశాడు. రెక్క పొడుగునా సన్నటి రివెట్ల వరసలు, ఒక్కటీ వంకర పోలేదు. ముక్కు నుంచి తోక దాకా వేలు జరిపి చూశాడు. నిజంగానే అతుకు తగల్లేదు. కింద చక్రాలు లేవు. బియ్యం బస్తాల మీద ఆన్చి ఉంది.

"ఇదంత మీరొక్కరే చేసిన్రా సార్?" అన్నాడు.

జేసీబీ దగ్గరి మనుషులిద్దరు, జంగయ్య, తిరుమలేశ్ తలో వైపు పట్టారు. తేలిగ్గానే లేచింది. రెక్కలు తలుపులో పట్టేలా పక్కకి వాల్చారు. బసవపున్నయ్య ముందు వెనక్కి నడుస్తూ "నిదానం, నిదానం, ఎడమ రెక్క చూసుకో" అంటూ ఒక్కో అడుగూ వేయించాడు. ముక్కు గడప దాటింది. నాడు ఆగిన చోట ఆగలేదు. సందు దాటి, ఇటుకల గుట్ట దాటి, ఖాళీ స్థలంలోకి వచ్చింది. మల్లమ్మ రెండు పాత మంచాలు వేయించింది. వాటి మీద దింపారు.

ఎండలో బూడిద రంగు మెరిసింది. దారిన పోయేవాళ్లు ఆగారు. "మస్తుగున్నది సార్! నిజం లెక్కనే ఉన్నది," అన్నాడు తిరుమలేశ్. ఆ మాట మొహమాటానికి అనలేదు.

చేసినప్పుడు, తుడిచినప్పుడు, రోజూ చూసినప్పుడు కూడా బసవపున్నయ్య దానికి చేతికందేంత దగ్గరే ఉన్నాడు. ఆ గదిలో అంతకంటే దూరం జరిగే వీలు లేదు. ఇప్పుడు వెనక్కి నడిచాడు. ఇటుకల మీద తడబడుతూ, రోడ్డు అంచు దాకా వెళ్లి నిలబడ్డాడు. విమానం పక్కన జేసీబీ ఉంది. జేసీబీ వెనక కొత్తగా లేస్తున్న నాలుగంతస్తుల హాస్టల్. పైన ఆకాశం. ఆయన అలా చాలాసేపు చూశాడు.

జంగయ్య దగ్గరికెళ్లాడు. ఇప్పుడేదో పెద్ద మాట అంటాడనుకున్నాడు.

"చిన్నగా ఉంది జంగయ్యా," అన్నాడు బసవపున్నయ్య.

"ఏంది?"

"ఇంకా పెద్దదనుకున్నా నేను."

జంగయ్య ఒకసారి విమానం వైపు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఏడికి తీస్కపోతవు మరి?" అంది మల్లమ్మ అవతల నుంచి. "ఎర్రగడ్డల మీ ఇల్లు మూడో అంతస్తుల గదా? ఆ మెట్ల మీదికెంచి ఎట్ల మలుగుతది?"

బసవపున్నయ్య తల అడ్డంగా ఊపాడు. మలగదు. ఆ మెట్లు ఆయనకి బాగా తెలుసు. మంచాల దగ్గరికి తిరిగొచ్చి, రెక్క మీద పడ్డ ఇటుక దుమ్ముని చేత్తో తుడిచాడు. జేసీబీ డ్రైవరు ఇంజను మొదలుపెట్టాడు.

"నీ డబ్బా రేకుల మీద పడుతుందా జంగయ్యా?" అన్నాడు మెల్లగా.

జంగయ్య విమానాన్ని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూశాడు.

"పడ్తది పున్నయ్యా. తోక జర రోడ్డు మీదికొస్తది. ఏం గాదు."